తప్పు తలకు చుట్టిన తలపాగా

ఇప్పుడు జేబుకొక కెమెరా వచ్చి ముసలివాళ్ళ గొప్పలకు కాలం చెల్లిపోయింది గానీ, ఆ రోజుల్లో జరిగినదానికి సాక్ష్యం మన నోరే, తీర్పూ మన నోరే. ఆ వసతి ఉన్న కాలంలో నాకు జరిగిన ఒక ఘనకార్యాన్ని ముందే చెప్పేస్తాను. అనంతపురం జిల్లా మొత్తం మీద బతికుండగానే జనాజా ఎక్కిన మనిషిని నేనొక్కణ్ణే. (జనాజా అంటే సాయిబుల ఇళ్ళలో శవాన్ని మోసుకుపోయే మంచం.) ధర్మవరంలో, పట్టపగలు, నాలుగు వందల మంది నన్ను భుజాలు మార్చుకుంటూ మోశారు. బజారులో పట్టు అంగళ్ళు మూతపడ్డాయి. మగ్గాలు నిలిచిపోయాయి. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు మిద్దెల మీద నిలబడి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఈ సంగతిని నేను నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో చెబుతున్నాను. (పెళ్ళిలో పీనుగు కథలేందని మా ఆవిడ నలభై ఏళ్ళుగా నా తొడ గిల్లుతూనే ఉంది.) ఇందులో నిజమెంతో చివరికి నేనే ఒప్పుకుంటాను. తొందరపడవద్దు.

డెబ్భైల చివరి సంవత్సరాలు. మాది హిందూపురం, నాయనకు బెల్లం మండీ. నాకు బెల్లం వాసన పడక పెనుకొండలో ఒక సర్కారు కచేరీలో గుమాస్తాగా చేరాను. పొద్దున మీటర్ గేజి ప్యాసింజరు ఎక్కి పోవడం, సాయంత్రం అదే బండిలో రావడం. మధ్యలో ఉండే ఎనిమిది గంటల్లో కచేరీకి రెండు, మిగతా ఆరూ పెనుకొండ బజారులో ఉన్న ఒక టైలరు అంగడికి. (మూడూ ఐదూ అనుకోండి. పాపం, జీతమిచ్చినవాళ్ళు.) ఆ టైలరును అందరూ భాయ్ అనేవాళ్ళు. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. ఉర్దూ రాదు, తెలుగు తప్ప మరో భాషలో కల కూడా రాదు. నిటారుగా నిలబడితే గుమ్మం కొట్టుకునేంత ఎత్తు, గుడిగంట లాంటి గొంతు. ఆ ఎత్తుకూ ఆ గొంతుకూ నాటకాల్లో రాజు కావాలి. కానీ మా కళాసమితి వాళ్ళు పన్నెండేళ్ళుగా అతనికి ఇచ్చిన వేషాలు ఇవి: ద్వారపాలకుడు, రెండో ద్వారపాలకుడు, అత్తరు అమ్మే సాయిబు, ఇనాము కోసం నవ్వించే సాయిబు. రాజుల అంగరఖాలు మాత్రం అతనే కుట్టాలి. కుట్టి, ఇస్త్రీ చేసి, అద్దం ముందు ఒక్కసారి తన ఒంటి మీద పెట్టి చూసుకుని, మడిచి, వేరేవాడికి ఇవ్వాలి. అలా పెట్టి చూసుకోవడం నేనొకసారి చూశాను. చూడనట్టు బీడీ వెలిగించుకున్నాను.

అంగడి వెనక గదిలో భాయ్ వాళ్ళ నాయన కూచునేవాడు. నేను పెదనాయనా అని పిలిచేవాణ్ణి. కళ్ళు మసకబారి మిషను మానేశాడు, కాజాలు మాత్రం చేత్తో కుట్టేవాడు. కొంచెం చెవుడు. (ఆ చెవుడు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ అంతుచిక్కేది కాదు.) ఆయనకు ఇంకో పని కూడా ఉండేది, దానికి పేరు లేదు. ఊళ్ళో వాళ్ళవాళ్ళు ఎవరు పోయినా శవానికి నీళ్ళు పోయడానికీ, చుట్టే కఫన్ గుడ్డ చించడానికీ ఆయనే పోవాలి. రైలు పట్టాల మీద దిక్కులేని శవం పడి ఉందంటే, అది ఏ మతందో ఎవరికీ తెలియనప్పుడు, పోలీసులు ఆ అంగడి ముందుకే వచ్చి నిలబడేవాళ్ళు. ఆయన సూది గుచ్చి పెట్టి, చెప్పులు తొడుక్కుని లేచేవాడు. నా ఎదురుగానే రెండుసార్లు లేచాడు. ఎందుకు పెదనాయనా, నీకేం పట్టిందని ఒకసారి అడిగితే, "ఊళ్ళో ఒకడన్నా మన్నులో పెట్టకపోతే ఊరందరి మీదా తప్పుంటాది నాయనా. ఒకడు పెడితే అందరికీ తీరిపోతాది. మొదట లేచినోడిది ఆ పని" అన్నాడు. బతుకంతా కుట్లు వేసిన మనిషి చేతిలోంచి కుట్టు లేకుండా పోయే గుడ్డ అదొక్కటే. ఆ మాట అప్పుడు నాకు తోచలేదు, ఇప్పుడు తోస్తోంది. ముసలితనానికి ఇలాంటివి వస్తుంటాయి, క్షమించాలి.

ఈ సుఖమైన సంసారంలోకి గ్రీకు సారు వచ్చిపడ్డాడు. హిందూపురం కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. సర్కారు జిల్లాల నుంచి వచ్చి, మా ఎండలకూ సంగటికీ మాటకూ మూడింటికీ అలవాటు పడలేక, పుస్తకాల్లో దూరి గ్రీసు దేశానికి పారిపోయిన మనిషి. రైల్లో నాకు ఎదురుగా కూచుని రెండున్నర వేల ఏళ్ళ కిందటి సంగతులు నిన్న జరిగినట్టు చెప్పి ప్రాణం తీసేవాడు. కిటికీలోంచి దూకుదామంటే బండి అంత వేగంగానూ పోయేది కాదు. ఒకరోజు బెంగుళూరు నుంచి తెప్పించిన ఒక పుస్తకం పట్టుకొచ్చాడు. ఎవరో తెల్లాయన పాత గ్రీకు విషాద నాటకాన్ని ఈ కాలానికి తిరగరాశాడట. ధర్మవరంలో మే నెలలో నాటక పోటీలు. దాన్ని తెలుగులో ఆడదామండీ, ఆంధ్రదేశంలో ఇంతవరకూ ఎవరూ చేయలేదండీ అన్నాడు. (ఎవరూ చేయలేదంటే దానికి కారణం ఉంటుందని నాకు ఆ వయసులో తెలియదు.)

కథ చిన్నదే. అన్నదమ్ములిద్దరు గద్దె కోసం కొట్టుకుని చస్తారు. కొత్తగా గద్దెనెక్కిన రాజు ఒకడికి మర్యాదగా అంత్యక్రియలు చేయించి, రెండోవాడు దేశద్రోహి, వాణ్ణి పూడ్చినవాడికి చావే శిక్ష అని చాటింపు వేయిస్తాడు. చచ్చినవాడి చెల్లెలు ఆ ఆజ్ఞను కాలితో తన్ని, వెళ్ళి అన్న మీద పిడికెడు మన్ను పోస్తుంది. ఆ తర్వాత వరసగా అందరూ చస్తారు. అసలు గ్రీకు కథలో రాజూ గ్రీకువాడే, పిల్లా గ్రీకుదే. ఈ తెల్లాయన మాత్రం రాజుకు గడ్డం పెట్టి, తలపాగా చుట్టి, సుల్తాను చేసేశాడు. పిల్లకు తెల్ల గౌను తొడిగాడు. ముందుమాట ఇరవై పేజీలు. పడమటి దేశాలవాళ్ళకు తమ స్వేచ్ఛ ఏమిటో తమకు తెలియాలంటే ఎదురుగా ఒక తూర్పు సుల్తాను నిలబడి ఉండాలి, అతని చీకటిలోనే వీళ్ళ దీపం వెలుగుతుంది, అని దాని సారాంశం. గ్రీకు సారు ఆ ఇరవై పేజీలూ భాయ్ అంగట్లో కూచుని తెలుగులో వినిపించాడు. ఆ పూట రెండు చొక్కాలకు చేతులు అటువి ఇటు, ఇటువి అటు పడ్డాయి.

"సుల్తాను మీరేనండీ భాయ్" అన్నాడు సారు చివర్లో. "మీకైతే గడ్డం అంటించే పని కూడా లేదు."

భాయ్ మొహంలో ముందు వెలుగు వచ్చింది. పన్నెండేళ్ళ తర్వాత రాజు. అంతలోనే ఆ రెండో మాట లోపలికి దిగినట్టుంది, కత్తెర కింద పెట్టాడు.

"సార్, ఒక మాట. ఈ గ్రీకు కథ జరిగి ఎన్నేండ్లయింది?"

"రెండున్నర వేల ఏళ్ళండీ."

"మా మతం పుట్టింది అప్పటికి వెయ్యేండ్ల తర్వాత గదా. అంటే మేము పుట్టకముందు చేసిన తప్పుగ్గూడా మేమే బాధ్యులమా సార్?"

సారు కంగారుపడి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అది ప్రతీక అండీ, ప్రతీక. నిజానికి చరిత్ర చూస్తే, గ్రీకుల శాస్త్రాలు యూరపువాళ్ళు పోగొట్టుకుంటే అరబ్బీలోకి మార్చి భద్రంగా దాచిపెట్టింది మీవాళ్ళేనండీ."

"దాచిపెట్టినందుకు ఇచ్చిన బహుమానమా ఇది?" అన్నాడు భాయ్.

నేను నవ్వాను. సారు నవ్వలేదు. లోపలి గదిలోంచి పెదనాయన గొంతు వచ్చింది. "ఆ పిల్లది యా ఊరు సారూ?"

"ఏ పిల్లండీ?"

"మన్ను పోసినాదే, ఆ పిల్ల."

"గ్రీసు దేశమండీ."

"మన పిల్ల మాదిరే ఉండాది" అన్నాడాయన. కొంచెంసేపటికి మళ్ళీ, "పీనుగును మన్నులో పెట్టేదానికి రాజు సెలవు యాడన్నా అడుగుతారా?" అన్నాడు. దారం పళ్ళతో తెంపిన చప్పుడు వినిపించింది.

ఇక్కడ నా తెలివితేటలు చూడండి. ఆయనకు అది నాటకమని అర్థం కాలేదనీ, ఏ కదిరిలోనో జరిగిన గొడవ అనుకుంటున్నాడనీ నేను ఆ క్షణమే తీర్మానించుకున్నాను. చెవుడు కదా. జన్మలో నాటకం చూసి ఉండడు కదా. ఆ తీర్మానంతోనే నలభై ఏళ్ళు కథ నడిపాను.

భాయ్ వేషం ఒప్పుకున్నాడు. ఆకలిగా ఉన్నవాడు అన్నంలో రాయి ఉందని లేచిపోడు కదా. కానీ ఆ అంగట్లోనే జరిగిన నెలా పదిహేను రోజుల రిహార్సళ్ళలో ఆ మనిషి చిక్కిపోయాడు. అసలు డైలాగు ఒకటుంది. శవం ముందు నిలబడి సుల్తాను చేయి చాపి అనాలి: "వీణ్ణి ఎవడూ పూడ్చరాదు. గద్దలకూ కుక్కలకూ వదిలేయండి!" భాయ్ మిగతా డైలాగులన్నీ గోడలదిరేట్టు చెప్పేవాడు. ఆ ఒక్కటి వచ్చేసరికి లోపలి గదిలో సూది ఆగిపోయేది. భాయ్ గొంతు బియ్యంలో పురుగంత అయిపోయేది. "గట్టిగా అండీ! క్రూరంగా అండీ!" అని సారు తల బాదుకునేవాడు. ఒకరోజు నేనే విసిగిపోయి, మీ నాయనను అడిగెయ్యి భాయ్, కుదరదంటే మానెయ్యి అన్నాను.

"అడిగినానప్పా. ఏమీ అనలా."

"ఇంకేం మరి?"

"తిట్టింటే బాగుండు. ఏమీ అనలా, అదే నాకు భయం" అన్నాడు. "పట్టాల మీద తునకలైనోడిని గూడా ఏరుకొచ్చి పెట్టే మనిషి మా నాయన. ఆయన కొడుకు నిండు సభలో నిలబడి, పీనుగును కుక్కలకు వేయండంటే, రేపు ఈ బజారులో ఆయన మొహం యాడ పెట్టుకోవాల? వద్దంటే, నాకు మళ్ళా రాజు వేషం ఎవడిస్తాడు?"

సారును పట్టుకుని ఆ తలపాగా తీసేద్దాం సార్, మామూలు రాజును చేద్దాం అని నేను బతిమాలాను. సారు వినలేదు. ఆధునికత అంతా ఆ తలపాగాలోనే ఉందండీ అన్నాడు. ఆ తెల్లాయన మీద నాకప్పుడు వచ్చినంత చిరాకు నా జన్మలో నా పైఅధికారి మీద కూడా రాలేదు. ఎక్కడో చలిదేశంలో కూచుని వాడికొక దుర్మార్గుడు అవసరమయ్యాడు. చేతికందిన తలపాగా తీసి చుట్టేశాడు. దాన్ని ఇక్కడ మోయాల్సింది పెనుకొండ టైలరు.

మరి నా వేషం ఏమిటంటారా? నేను ప్రధాన పాత్ర. కథ మొత్తం నా చుట్టూనే తిరుగుతుంది. (పీనుగు వేషం. డైలాగులు లేవు.) ఇంట్లో చెబితే మా అవ్వ, "బంగారం లాంటి పిల్లోడు పీనుగు వేషమా? పో, నన్ను ముట్టగాకు, తలకు పోసుకొని రా" అని, వేషం ఇంకా వేయకముందే నాకు తలంటు పోయించింది. నాటకానికి పది రోజుల ముందు పెదనాయన నన్ను లోపలికి పిలిచి, నిలబెట్టి, టేపు తీసి కొలిచాడు. పొడవు, భుజం, చేయి, మెడ. సుద్దముక్కతో చెక్క మీద రాసుకున్నాడు. ఎందుకు పెదనాయనా అంటే చెవుడు వచ్చింది. ఆయన చేతికి దొరికిన మనిషినల్లా కొలుస్తాడు, అదొక అలవాటనుకుని నేను పట్టించుకోలేదు.

ధర్మవరంలో బడి మైదానంలో పందిరి. కొత్త సమితులకు సాయంత్రం ఆట ఇవ్వరు కాబట్టి మాకు నాలుగు గంటల పొద్దు ఇచ్చారు. మే నెల. జనం మీద పందిరి ఉంది, స్టేజి మీద లేదు. పడమటి ఎండ సూటిగా స్టేజి మీదికి. శవం మొహం ప్రేక్షకులకు కనిపించాలండీ, కళ్ళు మూసుకోవాలండీ, విషాదమంతా మీ మొహంలోనే అన్నాడు సారు. ఒక బడి బెంచీ మీద నన్ను పడుకోబెట్టి తెర లేపారు. ఆ తర్వాత నేను అనుభవించింది ఏ గ్రీకువాడూ అనుభవించి ఉండడు. వీపు కింద బెంచీకి ఒక మేకు. చెవిలోకి చెమట. మెడ మీద ఒక ఎర్రచీమ, తొందరలేని చీమ, కాలర్ దగ్గర ఆగి ఆలోచించుకుని కిందికి దిగుతోంది. ముందు వరసలో ఒక అవ్వ పక్కామెతో, "పాపం, ఎంత చిన్నోడు. పెండ్లయినట్టు లేదు" అంటోంది. ఇంకొకామె, "వాడు ఊపిరి తీస్తాండాడు చూడు" అంటోంది. ఊపిరి కూడా ఆపాను.

సుల్తాను వచ్చాడు. నేను ఎడమ కన్ను సన్నగా తెరిచి చూశాను, చూడకుండా ఉండలేకపోయాను. ఆకుపచ్చ సాటిను అంగరఖా. ధర్మవరం మగ్గాల దగ్గర అడుక్కొచ్చిన జరీ ముక్కలతో అంచు. ఐదు గజాల తలపాగా. పన్నెండేళ్ళుగా ఇతరుల కోసం కుట్టినవన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు. జనం గుసగుసలు మానేశారు. "ప్రజలారా!" అన్నాడు. పందిరి గుంజలు వణికాయి. "వీడు మన నగరం మీదికి దండెత్తి వచ్చిన ద్రోహి!" చప్పట్లు. తర్వాత ఆ డైలాగు రావాలి.

రాలేదు.

ముందు వరసలో, ఆ అవ్వ పక్కన, పెదనాయన కూచుని ఉన్నాడు. పొద్దున మాతోనే అదే బండిలో వచ్చాడు. చంకలో ఒక తెల్లగుడ్డ మూట. భాయ్ చేయి చాపి అలాగే నిలబడిపోయాడు. పక్కతెర వెనక నుంచి సారు అందించాడు: "వీణ్ణి ఎవడూ పూడ్చరాదు..." భాయ్ నోరు తెరిచి మూశాడు. సారు ఇంకొంచెం గట్టిగా అందించాడు. మూడోసారి అందించింది ఆఖరి వరసకు కూడా వినిపించింది. వెనక నుంచి ఎవడో, "ఏమప్పా సుల్తానూ, మర్చిపోయినావా? తెర ఎనకాలాయన్ను ముందుకు పంపు, ఆయనే చెప్తాడు!" అని కేక వేశాడు. నవ్వులు.

అప్పుడు పెదనాయన లేచాడు. చెప్పులు విడిచి, మెట్లెక్కి, నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "ఏమబ్బా ఇది, పిల్లోణ్ణి ఎండలో పెట్టినారు" అన్నాడు, సభకంతా వినిపించేట్టు. మూట విప్పి తెల్లగుడ్డ నా మీద పరిచాడు, చీమతో సహా. "పెదనాయనా, నేను బతికే ఉండా" అని గుడ్డ కింద నుంచి గుసగుసలాడాను. "కదలగాకు" అన్నాడు అంచు సర్దుతూ. (చచ్చినవాడితో కదలవద్దనే మనిషిని ఏమనాలి? చాదస్తమనుకున్నాను.) తర్వాత జనం వైపు తిరిగి, "ముగ్గురు రాండప్పా. నలుగురుంటేనే లేస్తాది" అన్నాడు.

ముందు వరసలోంచి ఇద్దరు నేతగాళ్ళు లేచి వచ్చారు. వాళ్ళు నాటకమనుకున్నారో, నిజమనుకున్నారో, పెద్దమనిషి పిలిస్తే లేవడం మర్యాద అనుకున్నారో నాకు తెలియదు. ఎవరూ నన్నడగలేదు, నేను పీనుగును. మూడు మూలలకు ముగ్గురు నిలబడ్డారు. నాలుగో మూల ఖాళీ. గుడ్డ పలచనిది, నాకు కనిపిస్తూనే ఉంది. సుల్తాను తన తలపాగా రెండు చేతులతో తీసి, గద్దె మీద పెట్టి, వచ్చి నాలుగో మూల పట్టాడు.

బెంచీ లేచింది. జనం కూడా లేచారు. ఇదొక్కటి మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం, దీని మీద ఒక్క చుక్క నెయ్యి వేయలేదు. ఎవరూ చెప్పలేదు, పందిరి మొత్తం లేచి నిలబడింది. చప్పట్లు లేవు. సోడాబుడ్ల వాడు చేతిలో బుడ్డితో నిలబడిపోయాడు. నేను గుడ్డ కింద ఉండి, నేను చచ్చిపోతే ఇంతమంది లేస్తారా అని ఆలోచించాను. లేవరు. ఆ సంగతి ఇరవై నాలుగేళ్ళకే తెలిసిపోవడం కొంచెం కష్టంగానే అనిపించింది.

ఇక లెక్క అప్పజెబుతాను. నాలుగు వందలని చెప్పింది నలుగురు. సున్నాలు రెండూ నావి. బజారంతా అని చెప్పింది స్టేజి మీది నుంచి పక్కతెర వెనక్కి, పదకొండు అడుగులు. జనాజా అని చెప్పింది బడి బెంచీ, కాళ్ళ దగ్గర ఎవడో పిల్లవాడి పేరు చెక్కి ఉంది. అంగళ్ళు మూతపడ్డది నిజమే, ఆ రోజు ఆదివారం.

తెర వెనక నన్ను దించారో లేదో, అవతలి వైపు నుంచి చెల్లెలి వేషం ఆవిడ తన ప్రవేశం తప్పకుండా వచ్చేసింది. అనంతపురం నుంచి పిలిపించిన నటి, అనుభవం ఉన్న మనిషి. తెల్ల గౌను, చేతిలో మన్ను తట్ట. వచ్చి చూస్తే శవం లేదు. రాజు లేడు. గద్దె మీద తలపాగా ఒక్కటే కూచుని ఉంది. ఆమె అటూ ఇటూ చూసి, సారు ఉన్న తెర వైపు తిరిగి, "ఏం సార్, ఇంగ నేను ఎవరి మీద పోయాల ఈ మన్ను?" అంది. ఆ తర్వాత పందిట్లో జరిగింది నవ్వు కాదు, తుఫాను. తెర వేసేశారు. రెండున్నర వేల ఏళ్ళుగా తప్పకుండా చస్తూ వస్తున్న జనమంతా ఆ రోజు ధర్మవరంలో బతికి బయటపడ్డారు.

నాకు ఉత్తమ నటుడి బహుమతి ఇచ్చారు. (సబ్బుపెట్టె. పాల్గొన్నవాళ్ళందరికీ ఇచ్చారు.) తిరుగు బండిలో సారు కిటికీ పక్కన నుదురు పట్టుకుని కూచున్నాడు. భాయ్ సాటిను అంగరఖాను ఒళ్ళో పెట్టుకుని మడతలు లెక్కపెడుతున్నాడు. పెదనాయన నిద్రపోయాడు. మక్కాజిపల్లి దాటాక సారు ఉన్నట్టుండి, "ఏమండీ, ఈ నాటకాన్ని ఇలా ఎవరూ ముగించలేదండీ" అన్నాడు. ఇంకో రెండు స్టేషన్లు పోయాక, "ఆ తెల్లాయన తలపాగా తప్పు తలకు చుట్టాడండీ. మనవాళ్ళు ఎవరో ఆ కథలో వెతికితే గద్దె మీద దొరకరు. మన్ను పట్టుకున్న పిల్ల దగ్గర దొరుకుతారు" అన్నాడు. మొదటిసారి ఆ మనిషి నాకు నచ్చాడు. (మన అని ఆయన అన్నది గ్రీకులను కాకపోవడం కూడా అదే మొదటిసారి.) ఆ మాటే ఉత్తరంగా రాసి ఆ తెల్లాయనకు పంపాడు. ఆయన నుంచి పది పేజీల క్షమాపణ వచ్చిందని నేను చాలామందికి చెప్పాను. ఏమీ రాలేదు.

పెదనాయన ఆ తెల్లగుడ్డను మళ్ళీ దాచలేదు. "బతికున్నోడి మీద పరిచింది పీనుగుకు పనికిరాదు" అని దాంతో నాకొక జుబ్బా కుట్టి ఇచ్చాడు. అతికినట్టు సరిపోయింది. పెళ్ళిచూపులకు అదే వేసుకుపోయాను. ఏ గుడ్డతో కుట్టిందో మా ఆవిడకు పదేళ్ళ తర్వాత చెప్పాను, అప్పటికి ఇద్దరు పిల్లలు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన్ను మోసుకుపోయిన రోజు లేచింది ఊరంతా. నేనూ ఒక మూల పట్టాను.

పోయిన నెల పెనుకొండ వెళ్ళి, ఇంతవరకూ రాసింది భాయ్‌కి చదివి వినిపించాను. ఇప్పుడతను వాళ్ళ నాయన కూచున్న చోటే కూచుని కాజాలు కుడుతున్నాడు. కళ్ళు మసక. చదివేటప్పుడు నాకు నా రాత మీద మహా ముచ్చటేసింది. ముఖ్యంగా ఆ పీనుగు కుర్రాడి మీద. ఎర్రచీమకు భయపడుతూ, ఊపిరి బిగబట్టుకుని, లోకంలో తానొక్కడే తెలివైనవాడినని నమ్మి పడుకున్న ఆ సన్నటి కుర్రాడు. వాడు ఇంకో గంట అలాగే పడుకుని ఉంటే బాగుండుననిపించింది. ఆఖరున నా మామూలు ముక్తాయింపు కూడా కలిపాను: ఇదంతా పాపం, అది నాటకమని తెలియని ఒక అమాయకుడి వల్ల జరిగింది.

భాయ్ సూది ఆపాడు.

"ఎవరప్పా అమాయకుడు? మా నాయన నువ్వు పుట్టకముందు వీధినాటకాల ఆడవేషాలకు రవికెలు కుట్టినాడు. అది నాటకమని ఆయనకు తెలీదా? నా నోట ఆ మాట రాకుండా చేసేదానికే స్టేజీ ఎక్కినాడు. నలభై ఏండ్లుగా నోరు మూసుకొని వింటాండా, పోనీలే నవ్వుకుంటాండారు గదా అని. రాసి అచ్చు వేయిస్తానంటాండావు గాబట్టి చెప్తాండా."

"అది కాదు భాయ్, గుడ్డ తెచ్చాడు కదా. నాటకానికి పది రోజుల ముందే నన్ను కొలిచాడు కదా, నువ్వే చూశావు. నిజం పీనుగని అనుకోకపోతే అదంతా..."

"యాడ కొలిచినాడు?"

"పొడవు. చేయి. మెడ. భుజం."

భాయ్ మసకకళ్ళతోనే దారం కొస వెతికి పట్టుకున్నాడు. మళ్ళీ సూది తీసుకున్నాడు.

"పీనుగుకు భుజం కొలత ఎందుకప్పా?"